తుప్పు పట్టిన నాన్న వ్యాను: ఇంటి దగ్గరే బాగు చేసుకోవచ్చా?

నెల్లూరు జిల్లా విడవలూరు మండలం నుంచి ఒక పాఠకుడు పెద్ద ఉత్తరం రాశారు. పేరూ, ఊరూ వేయొద్దన్నారు. వయసు 36. చిన్న టెంట్ హౌస్ ఉంది. పెళ్లిళ్లకూ, పెద్దకర్మలకూ షామియానాలు, కుర్చీలు, వంట సామాన్లు అద్దెకిస్తారు. సామాను మోసేది వాళ్ల నాన్నగారు కొన్న 2011 మోడల్ మారుతి ఒమ్ని వ్యాను. నాన్నగారు పోయి రెండేళ్లు దాటింది. ముహూర్తాలు లేని నెలల్లో బండి ఖాళీగా ఉండటం ఎందుకని రొయ్యల పట్టుబడి జరిగే గుంటల దగ్గరికి ఐసు, ట్రేలు తోలారు. ఇప్పుడు ఎక్కడ చూసినా తుప్పే. స్లైడింగ్ డోరు కింద అరచేతి వెడల్పున చిల్లు పడింది. వెనక చక్రాల పైన పెయింటు బుడగలు లేచింది. మ్యాటు ఎత్తితే ఒకచోట కింద రోడ్డు కనిపిస్తోంది.

నెల్లూరు ఆటోనగర్‌లో ఒక టింకర్ 45 వేలు అడిగాడు. జువ్వలదిన్నె వైపు ఫైబర్ బోట్ల పని చేసే బావమరిది, "బావా, ఫైబర్ అంటించేద్దాం, ఐదు వేలలో అయిపోతుంది" అంటున్నాడు. ఈయన వీడియోలు చూసి, తనే చేసుకుందామని గ్రైండర్ కొన్నారు. రోజూ పొద్దున వీధిలో ఆరుగురు పిల్లల్ని ఈ బండిలోనే స్కూల్లో దించుతారు, దాంతో పెట్రోలు ఖర్చు గడిచిపోతుంది. భార్య మాత్రం, "మన పాప కూడా అందులోనే వెళ్తోంది, అమ్మేసెయ్యండి, నా గాజులు మళ్లీ బ్యాంకులో పెట్టి దీనికి పోయొద్దు" అంటోంది. తల్లిది ఇంకో మాట: "మీ నాన్న చెమటోడ్చి కొన్న బండి. నా కళ్ల ముందే పాతసామానోడికి ఇస్తావా?" ఇంట్లో ఈ విషయం ఎత్తితే గొడవే. రాత్రుళ్లు నిద్ర పట్టడం లేదంటున్నారు. ఇంకొన్ని నెలల్లో బండికి 15 ఏళ్లు నిండుతాయి. ఆర్సీ ఇంకా నాన్నగారి పేరు మీదే ఉంది. ఆయన ప్రశ్న ఇది: "నేనే ఇంటి దగ్గర చేసుకోవచ్చా? చేస్తే నిలుస్తుందా? అమ్మకీ, మా ఆవిడకీ ఏం చెప్పను?"

సమాధానం

ముందు పిల్లల సంగతి తేల్చేద్దాం. ఫ్లోర్‌లోంచి రోడ్డు కనిపించే బండిలో రేపు పొద్దున ఆ ఆరుగురిని ఎక్కించకండి. మీ పాపని కూడా. సీట్లు బిగించి ఉండేది ఆ రేకుకే. గట్టిగా బ్రేకు వేసినప్పుడు పిల్లల బరువంతా ఆ బోల్టుల మీదే పడుతుంది. చుట్టూ రేకు కుళ్లిపోయి ఉంటే బోల్టు ఊడి రావడానికి పెద్ద యాక్సిడెంటే జరగక్కర్లేదు. ఎవరూ అంతగా పట్టించుకోని సంగతి ఇంకోటుంది. సైలెన్సర్ పైపు బండి కింద నుంచే వెళ్తుంది. ఫ్లోర్‌కి చిల్లులుంటే ఆ పొగ లోపలికి వస్తుంది. అందులోని కార్బన్ మోనాక్సైడ్‌కి రంగూ ఉండదు, వాసనా ఉండదు. వానకి అద్దాలన్నీ మూసుకున్న రోజు పిల్లలకి తలనొప్పి వచ్చినా, మగతగా అనిపించినా నిద్ర చాల్లేదేమో అనుకుంటాం.

పైగా మీది సొంత వాడకానికి రిజిస్టరైన తెల్ల నంబర్ ప్లేటు బండి. డబ్బులు తీసుకుని పిల్లల్ని తోలుతున్నారని తెలిస్తే బీమా కంపెనీ చేతులెత్తేయడానికి అది చాలు. అందుకే బండి బాగయ్యాక కూడా ఆ పని మళ్లీ మొదలుపెట్టొద్దంటాను. పెట్రోలు డబ్బులు పోతాయి, నిజమే. ఆ తల్లిదండ్రులకి ఉన్నదున్నట్టు చెప్పండి. "ఫ్లోర్ పాడైంది, పిల్లల్ని ఎక్కించడానికి నాకు ధైర్యం చాలట్లేదు" అంటే ఎవరూ తప్పు పట్టరు. ఈ ఒక్క పని చేస్తే ఇంట్లో మీ ఆవిడ భయం కూడా సగం తగ్గుతుంది.

రెండోది ఆర్సీ. మీరు ఒక్క లైనులో రాసి వదిలేశారు గానీ, తుప్పు కంటే ముందు తేలాల్సింది అదే. బండి యజమాని చనిపోతే వారసులు 30 రోజుల్లో ఆర్టీవో ఆఫీసుకి తెలియజేయాలి, మూడు నెలల్లోపు ఫారం 31 పెట్టి పేరు మార్పించుకోవాలి. మీకు ఆ గడువు ఎప్పుడో దాటిపోయింది. అలాగని వదిలేస్తే ఇంకా చిక్కులు పెరుగుతాయి. డెత్ సర్టిఫికెట్, ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, అమ్మగారి అంగీకార పత్రం, పాత ఆర్సీ, ఇన్సూరెన్స్, పొల్యూషన్ కాగితాలు ఒక ఫైల్లో పెట్టుకుని వెళ్లి, ఆలస్యానికి ఎంత కట్టాలో కనుక్కోండి. బండి అమ్మాలన్నా, తుక్కు కింద ఇవ్వాలన్నా, 15 ఏళ్ల తర్వాత రెన్యువల్ చేయించాలన్నా మీ పేరు మీద కాగితం ఉండాలి. ఇన్సూరెన్స్ కూడా మీ పేరుకి మారాలి.

ఇక తుప్పు. ఉత్తరం రెండుసార్లు చదివాక నాకు అనిపించింది చెబుతాను. మీ ఇంట్లో నలుగురూ నాలుగు మాటలంటున్నారు, కానీ ఆ బండి ఎంతవరకు కుళ్లిందో ఆ నలుగురిలో ఒక్కరికీ తెలియదు. ఆటోనగర్ టింకర్ కూడా మ్యాటు ఎత్తి, బండి కింద కూడా చూసినట్టు మీరు రాయలేదు. పైనుంచి చూసి చెప్పిన 45 వేలు పని మొదలయ్యాక 70 వేలు కావచ్చు, లేదా అందులో సగం కేవలం రంగు పని కావచ్చు. కాబట్టి బాగు చేయాలా, అమ్మేయాలా అన్న ప్రశ్నని ఓ పది రోజులు పక్కన పెట్టండి. మొదట చూడండి.

ఎలా చూడాలంటే: వెనక సీట్లు, మ్యాట్లు, వాటి కింద పాత గోనె, స్పాంజీ లాంటివి ఏమున్నా అన్నీ పీకేయండి. ఎండలో రెండు రోజులు తలుపులు తీసి వదిలేయండి. తర్వాత ఒక పాత స్క్రూడ్రైవర్, చిన్న సుత్తి, రెండు రంగుల చాక్‌పీసులు తీసుకోండి. సుత్తితో మెల్లగా తట్టుకుంటూ వెళ్లండి. మంచి రేకు ఖంగుమంటుంది, కుళ్లిన రేకు మొద్దుగా పలుకుతుంది. అనుమానం ఉన్నచోట స్క్రూడ్రైవర్ మొనతో గట్టిగా పొడవండి. దిగిందంటే అక్కడ రేకు లేనట్టే. దిగని చోట తెల్ల గీత, దిగిన చోట ఎర్ర గీత. స్లైడింగ్ డోరు కింది పట్టాలు, దాని కింద కాలు పెట్టే మెట్టు, వెనక చక్రాల గూళ్ల లోపలి వైపు, ముందు సీట్ల వెనక మూలలు, ముందు అద్దం రబ్బరు కింద, వెనక డోరు అడుగు భాగం, పైన వాన నీళ్లు జారే గాడి, వీటిని వదలకండి. ఒమ్నిలో ఇంజను ముందు సీట్ల కిందే ఉంటుంది కాబట్టి ఆ సీట్లు ఎత్తి చుట్టూ ఉన్న రేకు కూడా చూడండి.

తర్వాత బండి కింద చూడాలి. జాకీ మీద నిలబెట్టిన బండి కిందకి దూరొద్దు. ఊళ్లో లారీలకో, ట్రాక్టర్లకో గుంట మీద పెట్టి సర్వీసు చేసే చోటు ఉంటే అక్కడికి తీసుకెళ్లండి. కింద పొడవునా వెళ్లే దూలాల్లాంటి మెంబర్లు, వెనక కమాను పట్టీలు బిగించిన బ్రాకెట్లు, ముందు సస్పెన్షన్ పైకి బిగించే చోటు, జాకీ పెట్టే పాయింట్లు, సీటు బెల్టు బోల్టుల చుట్టూ, బ్రేక్ ఆయిలు వెళ్లే సన్నని ఇనుప పైపులు. ఇవి బండికి ఎముకలు, నరాలు. పైనున్న రేకు చర్మం. మీరడిగిన ప్రశ్నకి నా జవాబు ఈ తేడాలోనే ఉంది. చర్మం మీరు ఇంటి దగ్గర చేసుకోవచ్చు, ఓపికుంటే బాగా కూడా చేసుకోవచ్చు. ఎముకల జోలికి మీరు వెళ్లొద్దు.

ఎర్ర గీతలు ఎముకల మీద ఎక్కువగా పడితే ఇక రంగూ, పుట్టీ అని ఆలోచించకండి. బండి ఆయుష్షు అయిపోయిందనే అర్థం. కొందరు దానిపైన ప్లేటు వేసి, తారు పూసి, పెయింటు కొట్టి అమ్మేస్తుంటారు. అది చెదపట్టిన గుమ్మానికి రంగేసినట్టే. కొన్నవాళ్ల పిల్లలు అందులో కూర్చుంటారు కాబట్టి మీరు ఆ పని చేయొద్దు. మీ ఉత్తరం చదివితే మీరు చేసే మనిషి కూడా కాదనిపించింది.

ఎముకలు బాగానే ఉండి, ఫ్లోర్ రేకూ, డోరు కింది భాగాలే పోయి ఉంటే మాత్రం ఆశ ఉంది. అక్కడి నుంచి మాట్లాడుకుందాం.

తుప్పు ఆగాలంటే ముందు నీళ్ల సంగతి చూడాలి. ఐసు తోలినప్పుడు కారిన ఉప్పునీళ్లు మ్యాటు కిందకి చేరి ఉంటాయి. నీళ్లు ఆరినా ఉప్పు అక్కడే ఉంటుంది. ఉప్పు గాలిలో తేమని లాక్కుంటుంది, అందుకే వాన లేని రోజుల్లో కూడా లోపల తుప్పు తింటూనే ఉంటుంది. ఇంకో విషయం మీరు గొప్పగా రాశారు: "వారం వారం బోరు నీళ్లతో కడుగుతాను సార్" అని. మీ ప్రాంతంలో, అందులోనూ రొయ్యల గుంటలకి దగ్గర్లో, చాలా బోర్లలో ఉప్పునీళ్లే. సబ్బు నురగ రాకపోయినా, ఆరాక అద్దం మీద తెల్లటి మరకలు మిగిలినా ఆ నీళ్లు బండికి పనికిరావు. మీరు శుభ్రం చేస్తున్నాననుకుంటూ ప్రతి వారం ఉప్పు పోస్తున్నారేమో చూసుకోండి. పని మొదలుపెట్టే ముందు మంచినీళ్లతో, లోపలా కిందా, ఒకటికి నాలుగుసార్లు కడగండి. ట్యాంకరు నీళ్లో, ప్లాంటు క్యాన్ నీళ్లో కొనాల్సి వచ్చినా ఆ ఖర్చుకి వెనకాడొద్దు. గుంటలు పడిన రేకులో దాక్కున్న ఉప్పు పోకుండా మీరు ఎంత ఖరీదైన ప్రైమర్ వేసినా ఏడాది తిరక్కుండా మళ్లీ బుడగ లేస్తుంది.

డోర్ల అడుగున, మెట్టు కింద చిన్న రంధ్రాలు ఉంటాయి, నీళ్లు దిగిపోవడానికి. అవి మట్టితో పూడిపోతే డోరు లోపల నీళ్లు నిలబడతాయి. అందుకే డోరు ఎప్పుడూ కింది నుంచే, లోపలి నుంచి బయటకి తుప్పు పడుతుంది. సైకిల్ చువ్వ ముక్కతో ఆ రంధ్రాలు పొడిచి తెరవండి. బయట పెయింటు వేసేటప్పుడు మళ్లీ వాటిని మూసేయకండి.

తెల్ల గీతలున్న చోట్ల పని ఇలా ఉంటుంది. బుడగ ఎంత ఉందో అంతే గీకితే సరిపోదు, పెయింటు కింద తుప్పు ఇంకా దూరం పాకి ఉంటుంది. మెరిసే ఇనుము కనిపించేదాకా, దాని చుట్టూ ఇంకో రెండంగుళాలు కూడా పెయింటు తీసేయాలి. మీరు కొన్న గ్రైండర్‌కి గట్టి రాయి చక్రం బిగించకండి. ఫ్లాప్ డిస్కు (గరుకు కాగితం రెక్కలున్న చక్రం) గానీ వైర్ బ్రష్ గానీ పెట్టండి. ఈ రేకు మందం ఒక మిల్లీమీటరు కూడా ఉండదు. ఒకేచోట నొక్కి పెడితే నీలం రంగుకి తిరుగుతుంది, అంటే వేడికి రేకు దెబ్బతింటోందని. అక్కడి నుంచి చెయ్యి తీసి పక్కకి వెళ్లండి. గుంటల్లో మిగిలిన నల్లటి తుప్పుకి ఫాస్ఫారిక్ యాసిడ్ ఉన్న రస్ట్ కన్వర్టర్, అంటే తుప్పుని గట్టి పొరగా మార్చే మందు, పూయాలి. డబ్బా మీద రాసినంతసేపు ఉంచి, వాళ్లు చెప్పినట్టే కడిగి తుడిచి, బాగా ఆరనివ్వాలి. యాసిడ్ తడి ఉండగా ప్రైమర్ వేస్తే పొరగా ఊడిపోతుంది.

ప్రైమర్ దగ్గర చాలామంది డబ్బు మిగుల్చుకుంటారు. గేట్లకీ గ్రిల్లులకీ వేసే రెడ్ ఆక్సైడ్ చాలనుకుంటారు. సముద్రం గాలి తగిలే ఊళ్లో నేనైతే రెండు డబ్బాలు కలుపుకునే ఎపాక్సీ ప్రైమరే వేయమంటాను. మామూలు ప్రైమర్లు నీటి ఆవిరిని లోపలికి వదులుతాయి, ఎపాక్సీ బాగా అడ్డుకుంటుంది. బ్రష్‌తోనే రెండు కోట్లు వేయొచ్చు. పుట్టీ దాని పైన పెట్టాలి, పల్చగా. తుప్పు మీద నేరుగా పుట్టీ పెట్టడం అందరూ చేసే పనే, అందుకే అందరి బండ్లూ ఏడాదిలో మళ్లీ బుడగలు లేస్తాయి. పుట్టీ నీళ్లు పీలుస్తుంది, కాబట్టి దాన్ని వాటర్ పేపర్‌తో నీళ్లు పోసి రుద్దకండి. పొడిగా రుద్ది, వెంటనే పైన ప్రైమర్ వేసేయండి.

గీకిన రేకుని రాత్రంతా ఖాళీగా వదలొద్దు. మీ ఊళ్లో తెల్లారేసరికి దానిమీద లేత నారింజ రంగు పొర వచ్చేస్తుంది. ఒక పూటలో ప్రైమర్ దాకా ఎంత ముగించగలరో అంతే గీకండి. మంచు ఆరాక పొద్దున తొమ్మిది నుంచి పన్నెండు దాకా చేసుకోండి. మధ్యాహ్నం నుంచి సముద్రం గాలి తిరుగుతుంది. మన జిల్లాలకి అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కాబట్టి సంక్రాంతి దాటాక, ఫిబ్రవరి, మార్చిల్లో ఈ పని పెట్టుకోవడం మంచిది.

ఎర్ర గీతలున్న చోట్ల, అంటే చిల్లుల దగ్గర, మీ బావమరిది మాట వస్తుంది. ఆయన పనితనం మీద నాకు అనుమానం లేదు. బోటుకి ఫైబర్ నిలుస్తుంది, ఎందుకంటే ఆ బోటే ఫైబర్. ఇక్కడ కింద ఉన్నది ఇనుము, అదీ ఉప్పు తిన్న ఇనుము. ఫైబర్‌ని అంటించే రెసిన్ (జిగురు) దానికి గట్టిగా పట్టదు. అంచుల దగ్గర వెంట్రుకవాసి లేచినా నీళ్లు లోపలికి చేరతాయి, ఇక బయటికి రావు. పైన నున్నగా కనిపిస్తుంది, కింద తుప్పు తింటూనే ఉంటుంది. ఫైబర్ బలాన్ని నమ్మి దానిమీద సీటు బిగిస్తే ప్రమాదం. చక్రాల గూడు లోపల మట్టి కొట్టుకునే చోటు లాంటి బరువు పడని చిన్న చిల్లులకి, తుప్పంతా తీసి ఎపాక్సీ రెసిన్‌తో వేస్తే కొంతకాలం పనికొస్తుంది. అక్కడ ఆయన సాయం తీసుకోండి, నొచ్చుకోరు కూడా. ఫ్లోర్‌కి, మెట్టుకి మాత్రం వద్దు. రివిట్లు కొట్టి జీఐ రేకుతో (జింకు పూత రేకుతో) మూసేయడం కూడా ఇంతే. సామాను కింద పడకుండా ఆపుతుంది, బలం ఇవ్వదు.

ఫ్లోర్‌కి సరైన మందు కొత్త రేకు వెల్డింగే. అందులో సగం పని మీరు చేయొచ్చు. కుళ్లిన భాగాన్ని మంచి రేకు వచ్చేదాకా కోసేయండి. మీ దగ్గర పాత శుభలేఖలు ఉంటాయిగా, ఆ అట్టలు పెట్టి ఆకారం కత్తిరించుకోండి. దాన్ని బట్టి 20 గేజి సీఆర్ రేకు (బండ్ల బాడీలకి వాడే నున్నటి పల్చటి రేకు) కోయించి, సుత్తితో వంపులు సరిచేసి, ఆ ముక్క అక్కడ సరిగ్గా కూర్చునేలా తయారుచేయండి. అప్పుడు వెల్డింగ్ మనిషిని పిలవండి. గేట్లు చేసే ఆర్క్ వెల్డింగ్ వాళ్లని పిలవొద్దు. వాళ్లు వాడే మందపాటి రాడ్డుకి ఈ రేకు కరిగి, ఒక చిల్లు మూయబోతే మూడు పడతాయి. ఆటోనగర్‌లో సీఓటూ వెల్డింగ్ (గ్యాసు సాయంతో సన్నని తీగతో చేసేది) అని అడగండి, ఒక పూటకి మాట్లాడుకోండి. ఒకే లైనుగా లాగకుండా ఈ చివర ఒక చుక్క, ఆ చివర ఒక చుక్క పెడుతూ చల్లారనిస్తూ చేయమనండి. లేకపోతే ఫ్లోర్ అలలు తిరిగిపోతుంది. వెల్డింగ్ అయిన రోజే పైనా కిందా రెండు వైపులా ప్రైమర్ పడాలి, అతుకుల్లో సీలెంట్ పడాలి. కోసే ముందు ఆర్సీ పట్టుకుని ఛాసిస్ నంబర్ ఎక్కడ కొట్టి ఉందో చూసుకోండి. ఆ చోట గ్రైండర్ తగిలి నంబర్ చెరిగితే ఆర్టీవో ఆఫీసులో మీరు దొంగబండి కాదని నిరూపించుకోవాల్సి వస్తుంది.

అగ్ని విషయంలో మీ ఇంటికి ప్రత్యేకమైన ప్రమాదం ఉంది. బండి నిలబెట్టేది షామియానా గుడ్డలు, గ్యాస్ సిలిండర్లు పెట్టే షెడ్డు పక్కనే అని రాశారు. గ్రైండర్ నిప్పురవ్వలు చాలా దూరం ఎగురుతాయి, గుడ్డ మడతలో పడి ఒక గంట తర్వాత కూడా అంటుకోగలవు. ఈ పని షెడ్డు దగ్గర అస్సలు పెట్టుకోవద్దు. ఖాళీ కళ్లంలోకి తోలుకెళ్లండి. బ్యాటరీ నెగెటివ్ వైరు విప్పండి. పెట్రోలు ట్యాంకు, దాని పైపులు, బ్రేకు పైపులు ఎటు వెళ్తున్నాయో మెకానిక్‌తో చూపించుకోండి. వాటికి దగ్గర్లో వెల్డింగ్ ఉంటే ట్యాంకు దించాల్సిందే. ట్యాంకు దించాలని వెల్డర్ అనకపోయినా మీరు అనండి. రేకు అవతలి వైపు రబ్బరు, స్పాంజీ, తారు పూత ఉన్నాయేమో చూడండి. ఇసుక బకెట్లు, మంటలార్పే సిలిండరు చేతికందే దూరంలో ఉండాలి. పనైపోయాక గంటసేపు అక్కడే ఉండండి. కళ్లద్దాలు, ఎన్95 మాస్కు లేకుండా గ్రైండర్ ఆన్ చేయొద్దు. పాప ఆ చుట్టుపక్కలకి రాకూడదు, ఆ దుమ్ముతో ఉన్న చొక్కాతో మీరు పాపని ఎత్తుకోకూడదు కూడా.

చివరి రంగు మాత్రం షాపులోనే వేయించండి. హార్డ్‌నర్ కలిపి స్ప్రే చేసే పీయూ (పాలీయురేథేన్) పెయింట్లలో ఐసోసయనేట్లు అనే రసాయనాలు ఉంటాయి. అవి ఊపిరితిత్తులకి పడవు. ఒకసారి పట్టుకుంటే జీవితాంతం ఆస్తమా మిగలొచ్చు. మామూలు మాస్కు వాటిని ఆపదు. ఆర్సీలో ఉన్న రంగే వేయించండి. మార్చాలంటే ముందు ఆర్టీవో ఆఫీసులో రాయించుకోవాలి. బండి అడుగున పూసే అండర్ కోటింగ్ తారు గురించి అందరూ చెబుతారు. శుభ్రం చేసి ఎపాక్సీ వేసిన రేకు మీద అది మంచిదే. తుప్పు మీద పూస్తే తేమని లోపల బంధించి ఇంకా తొందరగా తినేస్తుంది.

డబ్బు లెక్కకి వద్దాం. ఆ 45 వేల అంచనాని విడగొట్టి రాసివ్వమనండి, రేకు పని ఎంత, రంగు ఎంత అని. ఇంకో చోట కూడా అడగండి. ఫుల్ పెయింటింగ్ మానేసి, రేకు పని మాత్రం చేయించి, బయటి చర్మం మీరు చూసుకుంటే బహుశా గాజులు తాకట్టు పెట్టే అవసరం రాదు. కానీ నెలన్నర, రెండు నెలల ఆదివారాలు పోతాయి, ముహూర్తాల సీజన్లో బండి కదలకుండా ఉంటుంది. మొత్తం షాపుకి ఇస్తే ఆ టైము మిగులుతుంది, డబ్బు పోతుంది. అయితే పుట్టీ పెట్టే ముందు పిలవమని, గీకిన రేకు మీ కళ్లతో చూస్తానని ముందే మాట తీసుకోండి. పైన రంగు పడ్డాక లోపల ఏం చేశారో ఎవరూ చెప్పలేరు.

ఏ దారైనా ఒక హద్దు పెట్టుకోండి. ఇద్దరు పాతబండ్ల వ్యాపారుల్ని అడిగితే బాగున్న ఇలాంటి ఒమ్నికి ఎంత వస్తుందో తెలుస్తుంది. దానికంటే ఎక్కువ పెట్టడం నాకు సమ్మతం కాదు. ఒమ్ని తయారీ 2019లోనే ఆగిపోయింది, పాత స్పేర్లు ఇంకా దొరుకుతున్నా రోజురోజుకీ తగ్గేవే. 15 ఏళ్లు దాటాక ఫిట్‌నెస్ చూసి ఐదేళ్లకి రెన్యువల్ ఇస్తారు. 2022 ఏప్రిల్ నుంచి కార్లకి ఆ ఫీజు 600 నుంచి 5,000 రూపాయలకి పెరిగింది. గ్రీన్ ట్యాక్స్ వేరే. ఇప్పుడు ఎంతుందో పేరు మార్పుకి వెళ్లినప్పుడే అడిగేయండి. మరోవైపు, మీకు నెలకి నాలుగైదు ఫంక్షన్లకి మించి లేకపోతే టాటా ఏస్ అద్దెకి మాట్లాడుకున్నా గడిచిపోతుందేమో, ఆ లెక్క కూడా కాగితం మీద వేయండి. ఎముకలు పోయిన బండైతే ప్రభుత్వ గుర్తింపు ఉన్న స్క్రాపింగ్ కేంద్రానికి ఇచ్చి సర్టిఫికెట్ ఆఫ్ డిపాజిట్ (బండి అప్పగించినట్టు రుజువు) తీసుకుని ఆర్సీ రద్దు చేయించుకోండి. దారిన పోయే పాతసామాను వాళ్లకి ఇస్తే ఆ నంబరు మీ పేరు మీదే ఉండిపోతుంది. రేపు ఎవరేం చేసినా మీ ఇంటికే వస్తారు.

ఇక ఇంట్లో. మీ ఆవిడా అమ్మగారూ ఒకే విషయం మీద పోట్లాడుకుంటున్నారని మీరు అనుకుంటున్నారు, నాకలా అనిపించలేదు. ఆవిడ అంటున్నది పాప గురించి, గాజుల గురించి. అమ్మగారు అంటున్నది భర్త కష్టాన్ని తుక్కులా చూడొద్దని. పిల్లల్ని ఎక్కించడం ఆపేసి, గాజులు తాకట్టు పెట్టనని మాటిస్తే ఆవిడ అడిగినవి రెండూ జరిగినట్టే, బండి ఇంట్లో ఉన్నా ఆమెకి అభ్యంతరం ఉండకపోవచ్చు. అమ్మగారికి మాటలతో చెప్పడం కష్టం. మ్యాట్లు పీకిన రోజున ఆమెని కుర్చీ వేసి కూర్చోబెట్టి చూపించండి. ఎర్ర గీతలు ఎక్కడ పడ్డాయో, స్క్రూడ్రైవర్ ఎలా దిగిందో చూడనివ్వండి. నాన్నగారు ఉంటే ఆ ఫ్లోర్ మీద మనవరాలిని కూర్చోబెట్టేవారా అని మీరు అడగక్కర్లేదు, ఆమే అనుకుంటారు. బండి బాగుపడేలా ఉంటే ఆ సంగతి కూడా ఆమె కళ్లతో చూసినట్టవుతుంది. ఐసు తోలి బండి పాడు చేశానని మీరు పదేపదే రాశారు. ఇల్లు గడవడానికి చేసిన పని అది. దాన్ని ఇంట్లో ఎవరైనా ఎత్తిచూపితే వాదించకుండా, ఇప్పుడు ఏం చేస్తున్నారో చెప్పండి.

బండి ఖాళీ చేసి గీతలు పెట్టాక లోపలా కిందా ఫొటోలు తీసి పంపండి. వెల్డింగ్ మనిషిని మాట్లాడుకునే ముందు ఏయే ముక్కలు కోయాలో, ఎక్కడ ఆగాలో వాటిని చూసి రాస్తాను.